మా వీధి ఆశా కార్యకర్త సేవ: వాడుకున్న ఇంటి మాట

ఈ సేవకు మా ఇంట్లో ఎవరమూ ఒక్క రూపాయి కట్టలేదు. కట్టమని ఆమె ఏనాడూ అడగలేదు. మేం కట్టని ఆ డబ్బు ఎవరి చేతి నుంచి పోతోందో మాత్రం నా షాపులో కూర్చుని చూస్తూనే ఉన్నాను. అందుకే వాడుకున్నదాన్నిగా నా అభిప్రాయం రాస్తున్నాను.

మాది విజయవాడ నుంచి గన్నవరం వెళ్లే దారిలో ఒక పంచాయతీ. పేరుకే పల్లె. ఒకప్పుడు వరి కోసిన చేలల్లో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి వెనకాల రేకుల గదుల్లో శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన తాపీ పనివాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు పిల్లాపాపలతో ఉంటున్నారు. నేను ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. మా రెండో పాపకు ఏడాది దాటింది. అత్తయ్యకు సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. దాంతో మా ఒక్క ఇంటి పేరే ఆశా రిజిస్టర్లలో మూడు నాలుగు చోట్ల కనిపిస్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. వీధిలో అందరూ పిలిచినట్టే అక్క అంటాను.

ముందు నాకు జరిగిన మేలు చెబుతాను. నెల తప్పిందని తెలిసిన కొద్ది రోజులకే అక్క నన్ను విలేజ్ క్లినిక్‌కు తీసుకెళ్లి పేరు రాయించింది. తల్లీబిడ్డల కార్డు ఇప్పించింది. ఐరన్ మాత్రలు వేసుకుంటే నాకు వికారంగా ఉండేది. మానేద్దామనుకుంటున్నానని చెబితే కోప్పడలేదు. రాత్రి అన్నం తిన్నాక వేసుకో, టీతోనో పాలతోనో మాత్రం వేసుకోకు, కావాలంటే నిమ్మకాయ నీళ్లు తాగు, విరేచనం నల్లగా అవుతుంది, భయపడకు అని చెప్పింది. తర్వాత వచ్చినప్పుడల్లా అయిపోయిన మాత్రల అట్టలు చూపించమనేది. "వేసుకున్నా అక్కా" అంటే సరిపోయేది కాదు. అట్ట చూడాల్సిందే. ఆ పట్టుదల వల్లే ఎనిమిదో నెలకల్లా నా రక్తం శాతం పెరిగిందని నా నమ్మకం.

మొదటి కాన్పు ఆపరేషన్ కావడంతో రెండోదానికి ఇంట్లోవాళ్లు భయపడి ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ ఆపరేషన్ బాగానే చేశారు. ఇంటికి పంపేటప్పుడు బిల్లు, మందుల చీటీ చేతిలో పెట్టారు గానీ, చిన్నగా పుట్టిన బిడ్డకు పాలు ఎలా పట్టాలో పక్కన కూర్చుని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పని అక్క చేసింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలని వాళ్లకు నియమం ఉంది. 3వ రోజుకు నేనింకా ఆస్పత్రిలోనే ఉన్నాను. మిగతా రోజులన్నిటికీ ఆమె గుమ్మంలో ఉంది. అందులో ఒక రోజు మా వీధిలో మోకాళ్ల దాకా వాన నీళ్లు.

వచ్చి ఏం చేస్తుందని అడిగేవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. సంచిలోంచి జోలె ఉన్న తక్కెడ తీసి, పాపను అందులో పడుకోబెట్టి, పైకెత్తి బరువు చూస్తుంది. చంకలో థర్మామీటర్ పెడుతుంది. పాప పడుకుని ఉండగా గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలట. బొడ్డు చూస్తుంది, కళ్లు చూస్తుంది, అరికాళ్లు ముట్టుకుని చల్లగా ఉన్నాయేమోనని చూస్తుంది. పసిరికలు అరచేతుల దాకా, అరికాళ్ల దాకా దిగాయేమో చూస్తుంది. ఆ తర్వాత నన్ను పాలు పట్టమని, పాప నోరు ఎలా పడుతోందో పక్కన కూర్చుని గమనిస్తుంది.

మా పాప పుట్టినప్పుడు 2,400 గ్రాములు. 7వ రోజుకు 2,280కి తగ్గింది. పుట్టిన కొత్తలో కొంచెం తగ్గడం మామూలేనని అక్క చెప్పింది. 14వ రోజుకు 2,330 మాత్రమే వచ్చింది. అప్పుడు ఆమె మొహం మారింది. రెండు వారాలు నిండినా పుట్టిన బరువుకు తిరిగి రాకపోతే ఊరుకోకూడదని, ఆ సాయంత్రమే పిల్లల డాక్టరు దగ్గరకు బయల్దేరదీసింది. తనూ ఆటో ఎక్కింది. పాప రొమ్ము సరిగ్గా పట్టుకోవడం లేదని, రెండు గుక్కలకే అలిసి నిద్రపోతోందని తేలింది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం, పాపను నా గుండెకు ఆనించి చర్మానికి చర్మం తగిలేలా ఉంచుకోవడం అక్కే దగ్గరుండి నేర్పింది. 28వ రోజుకు పాప 2,750 తూగింది. ఆ అంకె కార్డులో రాస్తూ అక్క నవ్వింది చూడండి, ఆ నవ్వు నేను మర్చిపోలేను.

అత్తయ్యను ఒప్పించిన తీరు గురించి కూడా చెప్పాలి. ఆవిడ తేనె నాకిస్తానని, కళ్లకు కాటుక పెడతానని, వేడి చేస్తుంది నీళ్లు పట్టాలని పట్టుబట్టింది. ఆ మాట నేను వద్దంటే ఇంట్లో గొడవ అయ్యేది. అక్క మంచం మీద కూర్చుని, "పిన్నీ, తేనె ఏడాది దాకా వద్దు. కాటుక నీ ఇష్టం, బుగ్గ మీద పెట్టుకో, పాదం మీద పెట్టుకో, కంట్లో మాత్రం పెట్టకు. నీళ్లు వాళ్లమ్మ పాలల్లోనే ఉన్నాయి" అంది. అత్తయ్య ఆ సాయంత్రమే పాప పాదానికి కాటుక చుక్క పెట్టి ఊరుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినా వినని మనిషి మా అత్తయ్య. ఊళ్లో మనిషి చెబితే విన్నది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశా ఆ ఊరి ఆడమనిషే అయి ఉండాలని నియమం పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఇక ఖర్చు సంగతి. పుట్టిన బిడ్డను 42 రోజుల పాటు ఇన్నిసార్లు చూసినందుకు మిషన్ లెక్కలో ఆశాకు కట్టిన ధర మొత్తం మీద 250 రూపాయలు. ఒక్కో రాకకు కాదు, అన్నిటికీ కలిపి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో మళ్లీ వచ్చి చూస్తే ఒక్కోసారికి 50. చీరకు ఫాల్ కుట్టి పీకో చేస్తే నేను 120 తీసుకుంటున్నాను. ఒక బిడ్డ ప్రాణం మీద పెట్టిన శ్రద్ధకు ఈ ధర ఎవరు కట్టారో, ఏ లెక్కన కట్టారో నాకు అర్థం కాదు.

మా రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 10,000 చేశారు. అంతకు ముందుతో పోలిస్తే అది పెద్ద మార్పే, అక్కే ఆ మాట అంటుంది. ఆ పదివేలలో చేతిలో ఎంత మిగులుతోందో ఒకసారి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. నా కొలతల పుస్తకం వెనక పేజీలో ఆ లెక్క ఇప్పటికీ ఉంది. ఫోను రీచార్జి 350. ఆన్‌లైన్‌లో ఎక్కించే పనులుంటాయి, నెట్ లేకపోతే కుదరదు. స్కూటీ పెట్రోలు 700. గర్భిణులతో, బాలింతలతో వెళ్లినప్పుడు ఆటోలకు 300 దాకా. వాళ్ల దగ్గర డబ్బులు లేకపోతే తనే ఇస్తుంది, తర్వాత ఎవరు తిరిగిస్తారు? జిరాక్సులు, పెన్నులు, రిజిస్టర్లకు అట్టలు 150. కలిపితే 1,500. యూనిఫాం చీరల మీదకు జాకెట్టు గుడ్డ, కుట్టుకూలి ఇందులో లేవు. కూలి నేను తీసుకోను, గుడ్డకు మాత్రం ఆమే పెడుతుంది. స్కూటీ టైరు మార్చిన నెలలో ఇంకో రెండు వేలు పోయాయి. డబ్బు ఆలస్యంగా పడిన నెలల్లో ఇదంతా అప్పు మీద నడిచింది.

అంటే నెల జీతంలో ఏడో వంతు కంటే ఎక్కువే ఆ ఉద్యోగం చేయడానికే పోతోంది. నేను షాపు నడిపేదాన్ని. దారం, కరెంటు, మిషన్ రిపేరు నా కూలిలో కలుపుకుని ధర చెబుతాను. ఆమెకు ఆ వీలు లేదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధ పెట్టేది పని బరువు. వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అన్నది పల్లెల లెక్క. రోజుకు కొద్ది గంటలు, ఇంటి పనులు చూసుకుంటూనే చేసే స్వచ్ఛంద సేవగా దీన్ని మొదట అనుకున్నారు. మా పంచాయతీలో ఆ లెక్క ఎప్పుడో దాటిపోయింది. కాగితాల మీద పాత జనాభా లెక్కల ఊరే ఉంది, వీధుల్లో అపార్ట్‌మెంట్లున్నాయి, లేబర్ గదులున్నాయి. లేబర్ గదులవాళ్లయితే ఒక స్లాబు పని అయిపోగానే ఇంకో చోటికి వెళ్లిపోతారు, ఆ గదిలోకి వేరే కుటుంబం వస్తుంది. ఆ బిడ్డకు ఏ టీకా పడింది, ఏది పడలేదు, కార్డు ఒడిశాలో ఉందా, సంచిలో ఉందా, అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఒడియా రాకపోయినా అక్క టీకా గుర్తు కోసం బిడ్డ ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ వెతుకుతుంది.

అపార్ట్‌మెంట్ల కష్టం వేరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి, పుస్తకంలో రాయించి, పై ఫ్లాటుకు ఫోన్ చేస్తాడు. వాళ్లు ఎత్తరు. ఎండలో నిలబడి ఉంటుంది. ఎత్తినా, "మేం ప్రైవేటులో చూపించుకుంటాం" అని పెట్టేస్తారు. ప్రైవేటులో చూపించుకున్నా ఆ ఇంటి వివరాలు ఆమె రాయాల్సిందే. 30 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ సుగరు, బీపీ, క్యాన్సర్ ముప్పు ఉందేమో అడిగే ఫారం ఒకటి ఉంది. నడుం కొలత కూడా తీసుకోవాలి. నా షాపు టేపు ఒకటి శాశ్వతంగా ఆమె సంచిలోనే ఉంటుంది.

మా షాపు బల్ల మీద కూర్చుని ఆమె ఆన్‌లైన్ ఎక్కించే పని చూస్తుంటే నాకే టెన్షన్ వస్తుంది. ముసలాయన ఇంట్లో ఉంటాడు, ఆధార్‌కు ఉన్న నంబరు హైదరాబాద్‌లో కొడుకుది. ఓటీపీ కొడుక్కి వెళ్తుంది. కొడుకు మీటింగ్‌లో ఉంటాడు. అతను చెప్పేసరికి టైం అయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. పైగా అవే పేర్లు రిజిస్టరులోనూ చేత్తో రాయాలి. మధ్యలో జ్వరాల సర్వే, కుష్ఠు సర్వే, నులిపురుగుల మాత్రలు, పోలియో చుక్కలు, శుక్రవారం నీళ్ల తొట్లు తీయించడం. బుధ, శనివారాల్లో టీకాలు. ముందు రోజు ఇంటింటికీ వెళ్లి చెప్పాలి, ఆ రోజు రానివాళ్లను మళ్లీ వెళ్లి పిలుచుకురావాలి. రాత్రి పదింటికి ఎవరికో నొప్పులు వస్తే 108కి ఫోన్ చేసేదీ, బండి వెంట వెళ్లేదీ ఆమే.

ఒక మనిషి గురించి ప్రత్యేకంగా రాయాలి. లేబర్ గదుల్లో ఒక సెంట్రింగ్ మేస్త్రి, ముప్పై ఏళ్లవాడు, రెండు వారాలు దాటినా దగ్గు తగ్గలేదు. బీడీలు మానితే తగ్గుతుందని అతను, దుమ్ము వల్ల అని పక్కవాళ్లు. అక్క అతనికి తెమడ డబ్బాలు ఇచ్చి, తెల్లారి లేవగానే లోపలి నుంచి దగ్గి ఎలా తీయాలో వివరించింది. ఆ డబ్బాలు తన స్కూటీలో పీహెచ్‌సీకి పట్టుకెళ్లింది. టీబీ అని తేలింది. మాత్రలు ఆరు నెలలు. పౌష్టికాహారానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 చేశారు గానీ, అది అందాలంటే బ్యాంకు ఖాతా సరిగ్గా ఉండాలి. అతని ఖాతా ఆగిపోయి ఉంది. దాన్ని తెరిపించడానికి కూడా ఆమే బ్యాంకుకు వెళ్లింది.

నాలుగో నెలలో మేస్త్రి చెప్పకుండా గది ఖాళీ చేశాడు. జ్వరం పోయింది, బలం వచ్చింది, మందులు చాలనుకున్నాడు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందని, మందులకు లొంగని రకంగా మారొచ్చని అక్కకు తెలుసు. కాంట్రాక్టరు నంబరు పట్టుకుని, అతన్ని బతిమాలి, మేస్త్రి ఏలూరు దగ్గర ఇంకో సైటులో ఉన్నాడని తెలుసుకుని, అక్కడి ఆరోగ్య సిబ్బందికి చెప్పి మందులు అక్కడ అందేలా చేసింది. ఈ ఫోన్లన్నీ నా షాపులో కూర్చుని చేసింది. ఆమె ఊరు కాదు, ఆమె రిజిస్టరులో ఇప్పుడు ఆ మనిషి లేడు కూడా. వదిలేసినా అడిగేవాళ్లు లేరు. వదలలేదు.

లోపాలు చెప్పకపోతే ఇది నిజాయతీ గల రివ్యూ కాదు. అత్తయ్యకు నెల నెలా సుగరు చూడాలి. క్లినిక్‌లో స్ట్రిప్స్ అయిపోయాయని కొన్ని నెలలు చూడలేదు. బీపీ మాత్రలు ఒకసారి పదిహేను రోజులకే ఇచ్చి, మళ్లీ రమ్మన్నారు. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ అన్నిసార్లు ఎలా వెళ్తుంది? చివరికి అక్కే తెచ్చి ఇచ్చింది. సర్వేల వారాల్లో ఆమె ఫోను ఎత్తదు, పాప ఆరో నెల చూపు ఆలస్యమైంది. ఒకే వివరం రెండు మూడు సర్వేలకు మళ్లీ మళ్లీ అడుగుతారు. మా ఆయన విసుక్కున్నాడు కూడా. వీటిలో ఒక్కటీ ఆమె చేతిలో ఉన్నది కాదు. సరుకు పంపాల్సినవాళ్లు పంపలేదు, ఒకసారి ఎక్కించిన వివరం అందరికీ కనిపించేలా చేయాల్సినవాళ్లు చేయలేదు, ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కరినే పెట్టారు. తిట్లు మాత్రం గుమ్మంలో నిలబడ్డ మనిషికి తగులుతున్నాయి.

మంచి జరగలేదని అనను. 2025 మార్చిలో మా రాష్ట్రం ఆశాలకు మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో సెలవు, లక్షన్నర దాకా గ్రాట్యుటీ, 62 ఏళ్ల దాకా పని చేసే వీలు ప్రకటించింది. బాలింతల ఇళ్లకు తిరిగే ఆడవాళ్లకు తమ కాన్పుకు సెలవు దక్కడానికి పథకం పుట్టాక ఇరవై ఏళ్లు పట్టింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. ఆ రోజు అక్క వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంది, మేమంతా సంతోషపడ్డాం. 2013లోనే భారత కార్మిక సదస్సు ఇలాంటి పథకాల్లో పని చేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. అది ఇంకా కాగితం మీదే ఉంది. తెలంగాణలో మా చెల్లెలి ఊరి ఆశాలు 18,000 స్థిర వేతనం కోసం ధర్నాలకు వెళ్తున్నారు. వాళ్లు అడిగింది న్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వేతనం పెంచడానికి టైం పడుతుందంటే, ముందు పెట్రోలు, రీచార్జి, ఆటో ఖర్చు విడిగా ఇవ్వండి. బిల్లు పెట్టమంటే పెడతారు, వాళ్లకంటే బాగా లెక్క రాసేవాళ్లు ఊళ్లో ఎవరున్నారు? మా పంచాయతీ లాంటి చోట్ల ఇప్పుడున్న జనాన్ని లెక్కపెట్టి ఇంకో ఆశాను వేయండి. రేకుల గదుల జనాన్ని కూడా ఆ లెక్కలో కలపండి.

నా మార్కులు: అక్క పనికి 5కి 5. ఆమె చేత ఆ పని చేయిస్తున్న ఏర్పాటుకు 5కి 2, అది కూడా 2025లో ఇచ్చిన సెలవును చూసి.

మా వైపు కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు సచివాలయంలో అడిగితే మీ వీధి ఆశా ఎవరో చెబుతారు. ఇంట్లో గర్భిణి ఉన్నా, ఐదేళ్లలోపు పిల్లలున్నా మీరే వెళ్లి పేరు రాయించుకోండి, ఆమె వెతుక్కుంటూ వచ్చే దాకా ఆగొద్దు. పాత టీకా కార్డు ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో ఉండే టైం ముందే చెప్పండి. ఆటోలో మీ వెంట వస్తే ఆమె చార్జీ మీరే ఇవ్వండి. మా పక్క అపార్ట్‌మెంట్ సంఘంవాళ్లు అక్క పేరు, ఫోటో గేటు దగ్గర అతికించి, ఆపకుండా లోపలికి పంపమని సెక్యూరిటీకి చెప్పారు. మీ సంఘం మీటింగ్ ఎప్పుడుంటే అప్పుడు ఆ ఒక్క పని చేయించండి.